తాళ్ళకోడూరు తలుపుల ఉత్తర్వు

1983 ఫిబ్రవరి 12, శనివారం. ఆ పూట అనంతం గారు కందిపచ్చడీ పచ్చిపులుసూ వేసుకుని అన్నం తిన్నారు. పచ్చిపులుసులో ఉల్లిపాయ ముక్కలు కాస్త పెద్దవి పడ్డాయి. సుభద్రమ్మ ఉంటే "ఇవి ముక్కలా, గోళీలా?" అనేది. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. అయినా ఏది తిన్నా ఆవిడ ఏమనేదో ఆయనకి వినబడుతూనే ఉంటుంది. అందువల్ల ఒంటరి భోజనం పూర్తిగా ఒంటరిది కాకుండా గడిచిపోతోంది.

ఆయన తాళ్ళకోడూరు పురపాలక సంఘం వారి రీడింగు రూముకి లైబ్రేరియను. ఆ రూముకి నాలుగు గోడలు, రెండు బీరువాలు, అయిదు బెంచీలు ఉన్నాయి. తలుపు లేదు. డెబ్బయ్యేడు తుపానుకి ఎగిరిపోయింది. కొత్త తలుపు కావాలని ఆయన పెట్టిన అర్జీలు పద్దెనిమిది. తుపాను పోయిన వారానికి సుభద్రమ్మే తన ఆకుపచ్చ నేత చీర ఒకటి తెచ్చి గుమ్మానికి కట్టింది. "గదికి మానం ఉండద్దూ?" అంది. ఆ చీర ఇప్పటికీ అక్కడే ఉంది. రోజూ సాయంత్రం అనంతం గారు గుమ్మానికి అడ్డంగా రెండు బెంచీలు పెట్టి ఇంటికెళతారు. ఓ మేక మాత్రం ఆ బెంచీల కింద నుంచి దూరి వచ్చి వార్తాపత్రికలు తింటుంది. సంపాదకీయాలు తినదు. దానికీ ఓ అభిరుచి ఉందని ఆయన సరిపెట్టుకున్నారు.

ఆ శనివారం సాయంత్రం ఊళ్ళో స్నేహ సంఘం వాళ్ళు ఓ సోవియట్ సినిమా తెప్పించి టూరింగ్ టాకీసులో ఆడించారు. సినిమా రష్యనులో ఉంది. ఊళ్ళో ఆ భాష వచ్చినవారు ఒక్కరే. రీడింగు రూముకి ఊరికే వచ్చే సోవియట్ పత్రికలు చదివేవాడు లేక దిగాలుగా పడి ఉంటున్నాయని జాలిపడి, నిఘంటువు ముందేసుకుని ఆ భాష నేర్చుకున్న అనంతం గారు. ఆయన్ని తెర పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి చేతికి మైకు ఇచ్చారు. ముందురోజే ఆయన సినిమా మొత్తం ఒంటరిగా చూసి, పొట్ట పట్టుకుని నవ్వి వచ్చారు.

కథ చిన్నది. సర్కసులో ఏనుగుల్ని చూసుకోవడానికి పనికిరాడని తీసేసిన ఒకాయన్ని ఓ మంచు ఊరికి పెద్ద అధికారిగా పంపిస్తారు. తలుపులు తీసినప్పుడల్లా చలిగాలి వస్తోందని ఆయన ఓ రూలు పెడతాడు. ఊళ్ళో ఏ తలుపు తియ్యాలన్నా ముయ్యాలన్నా కాగితం మీద అనుమతి తీసుకోవాలి. జనం కిటికీల్లోంచి దూకడం మొదలుపెడతారు. ఆయన కిటికీలకి మేకులు కొట్టిస్తాడు. చివరి రీలులో తన గదిలో తనే ఇరుక్కుపోతాడు.

జనం కుర్చీల మీద నుంచి జారిపోయేంతగా నవ్వారు. ఆడవాళ్ళు చెంగులు నోట్లో కుక్కుకున్నారు. మునిసిపల్ కమిషనర్ పరాంకుశం గారు మాత్రం నవ్వలేదు. ఆయన ఆలస్యంగా రావడంతో మొదటి రీలు పోయింది. చివరి రీలు మొదలెట్టగానే కరెంటు పోయింది, మళ్ళీ రాలేదు. మధ్యలో చూసినంతసేపూ ఆయన ఆహ్వానపత్రం వెనక ఏదో రాసుకుంటూనే ఉన్నారు.

జనం నవ్వుకుంటూ ఇళ్ళకి పోయారు. ఆయన ఆలోచించుకుంటూ పోయారు.

సోమవారం ఉత్తర్వు వచ్చింది.

"విషయము: పురపాలక ద్వారములు - తెరచుట, మూయుట - క్రమబద్ధీకరణము - ఉత్తర్వులు జారీ చేయుట గురించి. మిత్రదేశమునందు విజయవంతముగా అమలగుచు, ప్రజల అపారమైన హర్షామోదములను చూరగొనిన విధానమును కమిషనరు స్వయముగా వీక్షించి సంతృప్తి చెందినందున..."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఏడాది జిల్లాలో ఏ పురపాలక సంఘం కొత్త పరిపాలనా పద్ధతి కనిపెడితే దాన్ని ఆదర్శ సంఘంగా ప్రకటిస్తామని పై నుంచి లేఖ వచ్చింది. మార్చి 31న జిల్లా బృందం వచ్చి చూస్తుంది. పక్క ఊరి కమిషనరు అప్పటికే చెత్తబండ్లకి పూలపేర్లు పెట్టేశాడు. పరాంకుశం గారికి నిద్ర పట్టని రోజులవి.

ఉత్తర్వు ప్రకారం ఊళ్ళో పురపాలక తలుపులన్నిటికీ నంబర్లు వేశారు. మొత్తం నూట పద్నాలుగు. తలుపు తియ్యాలంటే తెరుపు పత్రం, ముయ్యాలంటే మూత పత్రం. అటెండరు అప్పన్నకి ద్వార పర్యవేక్షణాధికారి అని పేరు పెట్టి, ఖాకీ చొక్కా మీద ఇత్తడి బిళ్ళ తగిలించారు. పాతికేళ్ళుగా "ఒరేయ్" అనిపించుకున్న అప్పన్న ఆ బిళ్ళని పొద్దున్నే చింతపండుతో తోమి పెట్టుకునేవాడు. రూలు విషయంలో వాడంత నిక్కచ్చి మనిషి ఊళ్ళో లేడని త్వరలోనే తేలింది.

మొదటి వారం ఊరు ఉక్కిరిబిక్కిరైంది. బజారులోని మరుగుదొడ్డి దగ్గర బారుగా నిలబడ్డ మగవాళ్ళు మోకాళ్ళు దగ్గరికి నొక్కుకుని, పత్రంలో "అవసరము: సాధారణము / అత్యవసరము" అన్న చోట ఏది కొట్టెయ్యాలో తేల్చుకోలేకపోయారు. ప్రసూతి వార్డు తలుపు ముందు ఒకావిడ పత్రం నింపుతూ నింపుతూనే ప్రసవించేసింది. దరఖాస్తుదారుల సంఖ్య ఒకటి అని రాసినదాన్ని కొట్టేసి రెండు చేశారు. దిద్దుబాటు పక్కన నర్సు సంతకం. తల్లీబిడ్డా క్షేమం.

రెండోవారానికి జనం కిటికీలు పట్టారు. బడిలో పిల్లలు కిటికీల్లోంచి దూకి సంతోషంగా తరగతులకి వస్తుంటే, హాజరు నూటికి నూరైంది. లెక్కల మాస్టారు భారీ మనిషి. ఆయన్ని ఇద్దరు లోపల నుంచి లాగి, నలుగురు బయట నుంచి తోసేవారు. ఆ కాసేపు పిల్లలు లెక్కలంటే ఇష్టపడ్డారు. సంగతి కమిషనరు గారికి తెలిసింది. నాలుగో నిబంధన వచ్చింది. "ద్వారముగా దుర్వినియోగమగు కిటికీలకు మేకులు దిగగొట్టవలెను." అందరికీ ఆదర్శంగా ఉండాలని మొదటి మేకులు తన గది కిటికీకే కొట్టించారు.

అప్పటికి అనంతం గారు ఉండబట్టలేక కమిషనరు గారి దగ్గరికి వెళ్ళారు. తెరుపు పత్రం రాసి, గంటన్నర కూర్చుని, లోపలికి అడుగుపెట్టారు.

"అయ్యా, తప్పంతా నాదే అనిపిస్తోంది. ఆ సినిమా హాస్యం కోసం తీసిందండి. ఆ అధికారిని వాళ్ళు వేళాకోళం చేశారు."

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మాస్టారూ, నేనా సినిమా చూశాను. ఆ గదిలో బల్ల చూశారా? ఫైళ్ళు ఎంత ఒద్దిగ్గా ఉన్నాయి! నాలుగు రంగుల సిరాబుడ్లు! వేళాకోళానికి అంత శ్రద్ధగా ఎవరైనా సామాను సర్దుతారా?"

"జనం నవ్వారు కదండీ."

"అదే నేననేది! ఇరవయ్యారేళ్ళ సర్వీసులో ఒక పరిపాలనా విధానాన్ని చూసి ప్రజలు అంతలా సంతోషించడం నేనెన్నడూ చూడలేదు. ఒకావిడకి కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి."

అనంతం గారు లేచి నిలబడ్డారు. మేనేజరు బుచ్చిలింగం గొంతు సవరించుకుని, "సార్, తొమ్మిదో నిబంధన ప్రకారం వీరి సంగతి కూడా..." అన్నాడు.

బుచ్చిలింగం చెడ్డవాడు కాదు. నిబంధన ఎక్కడ కనబడినా దానికి తగిన మనిషిని వెతికి జతచెయ్యడం అతనికి అలవాటు.

తొమ్మిదో నిబంధన ఇది: "ద్వారము కలిగినదియే గది. ద్వారము లేనిది వసారాగా పరిగణింపబడును."

"మీ రీడింగు రూముకి తలుపు లేదు గనక అది వసారా," అన్నాడు బుచ్చిలింగం. "వసారాలో ప్రభుత్వ పుస్తకాలు ఉంచరాదు. మార్చి 31 సాయంత్రంలోగా పుస్తకాలన్నీ స్టోరుకి అప్పగించండి. బెంచీలు పశువుల ఆస్పత్రికి."

అనంతం గారు బల్ల దగ్గరికి జరిగారు. "అయితే తలుపు మంజూరు చెయ్యండి బాబూ. పద్దెనిమిది అర్జీలు పెట్టాను."

"గదికైతే తలుపు మంజూరు చెయ్యచ్చు. వసారాకి తలుపు మంజూరు చెయ్యడానికి నిబంధన లేదండి."

"తలుపు వస్తే అది గది అవుతుంది కదా?"

"అవుతుంది. అప్పుడు అర్జీ పెట్టుకోండి."

ఆయన తిరిగి వచ్చేసరికి రీడింగు రూములో రిటైర్డు పోస్టుమాన్ దానియేలు నిన్నటి పేపరు చదువుతున్నాడు. ఇవాళ్టి పేపరు ఆయన చదవడు. ఉత్తరమైనా వార్తయినా ఒకరోజు ఆలస్యంగా అందితేనే నమ్మకమట. ఇంకో బెంచీ మీద చేపల బజారు కోటమ్మ కూతురు వరలక్ష్మి టైపు పరీక్షకి చదువుకుంటోంది. ఇంట్లో దానికి చోటు లేదు. సాయంత్రాలు ఇక్కడే.

సంగతి విని దానియేలు పేపరు మడిచాడు. "అయితే నేనింక ఎక్కడికి పోవాలి మాస్టారూ? ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ కందులు ఏరమంటుంది."

"నాకు పరీక్ష మే నెలలో అండీ," అంది వరలక్ష్మి.

అనంతం గారు చీర తెర సర్దారు. ఓ మూల చిరుగు పడితే సూదీదారం తీసుకుని కుట్టడం మొదలెట్టారు. తనకి రెండేళ్ళలో రిటైర్మెంటు. ఈలోపల ఈ గది పోతే, పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో తనకీ తెలీదు.

మార్చి 31 గురువారం వచ్చింది. అనంతం గారు పుస్తకాల జాబితా రాసుకుని పదకొండింటికి ఆఫీసుకి వెళ్ళారు. అక్కడ వరండా నిండా జనం. కమిషనరు గారి గది మూసి ఉంది. దాని రెండు రెక్కల టేకు తలుపుకి అరచేతంత తాళం. తాళం ముందు చేతులు కట్టుకుని అప్పన్న.

జరిగింది ఇది. కమిషనరు గారు తన తలుపు కోసం రోజూ పొద్దున్నే తలుపు బయట నిలబడి పదిహేను తెరుపు పత్రాలు, పదిహేను మూత పత్రాలు ముందుగానే సంతకం చేసి బుచ్చిలింగానికి ఇచ్చేవారు. నాలుగు గంటలకి జిల్లా బృందం వస్తుందని, తలుపు ఎంత సజావుగా తెరుచుకుంటోందో చూసుకోవాలని ఆయన ఆ వేళ పొద్దుటి నుంచీ లోపలికీ బయటికీ తిరిగారు. పదిహేనో తెరుపు పత్రంతో లోపలికి వెళ్ళారు. అప్పన్న రూలు ప్రకారం తాళం వేశాడు. పత్రాలు అయిపోయాయి.

తలుపు పైన ఓ చిన్న గాలిరంధ్రం ఉంది. అందులోంచి కమిషనరు గారి ముక్కూ కళ్ళజోడూ కనబడుతున్నాయి. కుర్చీ మీద కుర్చీ వేసుకుని ఎక్కినట్టున్నారు.

"అప్పన్నా, తలుపు తియ్యరా!"

"నోటిమాట చెల్లదండయ్యా. పదకొండో నిబంధన."

"అది రాసింది నేనేరా!"

"అవునండి. అందుకే భయమండి."

"బుచ్చిలింగం! ఓ పత్రం పంపు, సంతకం పెడతాను!"

బుచ్చిలింగం మామిడికాయలు కోసే దోటీ చివర తెరుపు పత్రం గుచ్చి పైకి అందించాడు. లోపల కాసేపు కాగితం చప్పుడు. ఆ తరవాత నీరసంగా ఓ గొంతు.

"ఏమయ్యా, ఇందులో 'అనుమతి ఇచ్చు అధికారి సదరు ద్వారమును బయటి వైపు నుండి స్వయముగా పరిశీలించి సంతకము చేయవలెను' అని ఉంది."

"అవునండి. తమరే చేర్చారు. దొంగ సంతకాలు ఉండకూడదని."

"బయటి వైపు నుంచి ఎలా పరిశీలించను?"

"బయటికి రావాలండి," అన్నాడు బుచ్చిలింగం బాధగా.

పన్నెండయింది. దోటీ మీద కారియరు గిన్నెలు ఒక్కొక్కటే పైకి వెళ్ళాయి. పెరుగన్నం గిన్నె సగం దారిలో వంగి అప్పన్న బిళ్ళ మీద ఒలికింది. వాడు కదల్లేదు. ఒకటింటికి కరెంటు పోయింది. ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గాలిరంధ్రానికి నమస్కారం పెట్టి, తమ పని చెప్పుకుని పోసాగారు. ఎక్కడికీ కదలలేని అధికారి దొరకడం అరుదు మరి.

రెండు గంటలకి బుచ్చిలింగం కంట్లో అనంతం గారు పడ్డారు. మునిగేవాడికి తాడు దొరికినట్టు పరిగెత్తుకొచ్చాడు.

"మాస్టారూ! ఈ విధానమంతా ఆ సినిమాలోదే కదా. అందులో ఇలాంటి సందర్భం ఏమైనా ఉందా?"

"ఉందండి. చివరి రీలులో."

వరండాలో జనమంతా ఆయన వైపు తిరిగారు. పైన కళ్ళజోడు కూడా ఇటు తిరిగింది. "చెప్పండి మాస్టారూ! అక్కడ ఏం చేశారు?"

అక్కడ ఎవరూ ఏమీ చెయ్యలేదు. అదే ఆ సినిమాలో అన్నిటికన్నా నవ్వొచ్చే ఘట్టం. అధికారి లోపలే ఉండిపోతాడు. ఊరివాళ్ళు రెండు రోజులు ఆలోచించి, తరవాత మరిచిపోతారు. మంచు కరుగుతుంది. ఇళ్ళ తలుపులన్నీ బార్లా తెరిచి వీధిలో నృత్యం చేస్తారు. ఆ మాట ఇప్పుడు చెబితే చాలు. అప్పన్న దాన్ని కూడా రూలుగానే తీసుకుంటాడు.

అనంతం గారు తలెత్తి చూశారు. కళ్ళజోడు అద్దాల మీద చెమట. "లోపల ఫ్యాను లేదు మాస్టారూ," అంది ఆ గొంతు. అధికారి గొంతులా లేదు. జ్వరం పడ్డవాడి గొంతులా ఉంది.

అనంతం గారు ఏ భాష నుంచి ఏది తెలుగు చేసినా ఒక్క మాట అటూ ఇటూ కానిచ్చినవారు కాదు. ఆ రోజు మొదటిసారి అయింది.

"అక్కడ వాళ్ళు తలుపు తెరవలేదండి," అన్నారు నెమ్మదిగా. "తెరవడానికి అనుమతి లేదు కదా. ద్వారబంధంతో సహా గోడలోంచి ఊడదీశారు. తాళం వేసింది వేసినట్టే."

బుచ్చిలింగం ఉత్తర్వు తిరగేశాడు. తెరచుట ఉంది. మూయుట ఉంది. ఊడదీయుట ఎక్కడా లేదు. అతని ముఖం వెలిగింది. "నిషేధం లేదు! అప్పన్నా, నీకేమైనా అభ్యంతరమా?"

అప్పన్న తాళాన్ని ఓసారి లాగి చూశాడు. "తాళం నేను తియ్యనండి. తాళం తియ్యకుండా గోడ తీసుకుంటే నాకేంటండి."

"అయితే ఊడదీసిన తలుపు ఏం చేశారు మాస్టారూ? మనకి స్థావరం లేని తలుపు ఉంచడానికి వీల్లేదు. నంబరుంది దానికి."

అనంతం గారు చేతిలోని పుస్తకాల జాబితా మడిచారు. "ఆ ఊళ్ళో... తలుపు లేని రీడింగు రూము ఒకటుందండి. దానికి బిగించారు."

జనంలో నుంచి దానియేలు గొంతు వినబడింది. "ఎంత మంచి సినిమా!"

వడ్రంగులు ముగ్గురు గునపాలు పట్టారు. పాత సున్నపు గోడ కావడం వల్ల అరగంటలో ద్వారబంధం కదిలింది. తాళం తాళంగానే ఉండగా, పన్నెండు మంది ఆ తలుపుని పల్లకీలా భుజాలకెత్తుకున్నారు. ముందు అప్పన్న. వెనక పిల్లలు, లెక్కల మాస్టారు, మేక. మధ్యలో తలనిండా సున్నం పడ్డ కమిషనరు గారు. ఊరేగింపు బజారంతా తిరిగి రీడింగు రూము చేరింది. గుమ్మానికి ఉన్న చీరని అనంతం గారు తన చేతులతోనే విప్పారు. నాలుగు వేళ్ళు సందు మిగిలినా ద్వారబంధం నిలబడింది. చీలికలు కొట్టి బిగించారు.

ఇప్పుడు కమిషనరు గారు బయట ఉన్నారు. తలుపుని బయటి వైపు నుంచి స్వయముగా పరిశీలించారు. తెరుపు పత్రం మీద సంతకం పెట్టారు. అప్పన్న బిళ్ళకంటిన పెరుగు తుడుచుకుని తాళం తీశాడు. ఉత్తర్వు మొత్తంలో చెప్పింది చెప్పినట్టు జరిగింది అదొక్కసారే.

"నా గుమ్మానికి ఏదైనా అడ్డం కట్టాలి, బృందం వచ్చేస్తోంది," అన్నారు కమిషనరు గారు కంగారుగా. "మాస్టారూ, ఆ చీర ఇలా ఇవ్వండి."

ముప్ఫయ్యేళ్ళుగా ఏ అధికారికీ కాదనని అనంతం గారు చీరని గుండెలకి హత్తుకున్నారు. "ఇది మాత్రం ఇవ్వలేనండి."

పరాంకుశం గారు చీర వంక చూశారు, ఆయన వంక చూశారు. "సరే, ఉంచుకోండి," అని మెల్లగా అని, గబగబా వెళ్ళిపోయారు.

జిల్లా బృందం వచ్చేసరికి ఆఫీసులో గోడకి నిలువెత్తు కన్నం. కన్నం లోపల బల్ల దగ్గర కమిషనరు గారు. ఆయన చుట్టూ, ఆపేవాడు లేక నేరుగా లోపలికి వచ్చేసిన ఇరవై మంది. పింఛను ముసలమ్మ ఒకావిడ ఎదుటి కుర్చీలో కూర్చుని ఆయన జుట్టులో సున్నం దులుపుతూ తన గోడు చెప్పుకుంటోంది. బృందం పెద్దాయన చేతులు జోడించి నిలబడిపోయాడు.

"అధికారికీ ప్రజలకూ నడుమ ద్వారమే లేదు! దీన్ని మీరేమంటారండీ?"

పరాంకుశం గారు కన్నం వంక చూశారు. "నిర్ద్వార పరిపాలన అంటామండి."

తాళ్ళకోడూరు ఆదర్శ సంఘమైంది. జిల్లాలోని పురపాలక గదులన్నిటికీ తలుపులు తక్షణమే తొలగించవలెనని వారంలో ఉత్తర్వు వచ్చింది. పాత ఉత్తర్వుతో పాటు పుస్తకాల అప్పగింతా మూలపడింది. బుచ్చిలింగం గదుల జాబితా ముందేసుకుని అప్పన్నని వెంటేసుకుని ఊరంతా తిరిగాడు. బజారు మరుగుదొడ్డి దగ్గర మాత్రం జనం తిరగబడితే వెనక్కి తగ్గాడు. చివరికి రీడింగు రూము దగ్గర ఆగాడు. టేకు తలుపు వంక చూశాడు. జాబితా వంక చూశాడు. వెనక్కీ ముందుకీ తిరగేశాడు.

"ఇది ఇందులో లేదండి," అన్నాడు.

"ఉండదు లెండి," అన్నారు అనంతం గారు. "తొమ్మిదో నిబంధన కింద మీరే దీన్ని వసారాగా రాశారు. వసారా తలుపులు తీసెయ్యాలని ఉత్తర్వులో ఉందా?"

బుచ్చిలింగం మరోసారి చదివాడు. "లేదండి," అన్నాడు. ఆ మాటలో, చెప్పలేం గానీ, కొంచెం సంతోషం లాంటిది కూడా ఉంది. పోతూ పోతూ బడికి తలుపులు లేక మేకలు వస్తున్నాయనీ, ఈ వసారాలో తన చిన్నవాడు చదువుకోవచ్చునా అనీ అడిగాడు.

"తప్పకుండా పంపండి," అన్నారు అనంతం గారు.

ఆ సాయంత్రం వరలక్ష్మి ఎనిమిదింటి దాకా చదువుకుని పుస్తకాలు సర్దుకుంది. దానియేలు నిన్నటి పేపరు మడిచి, "రేపు ఇవాళ్టిది చదువుతాను," అని చెప్పి వెళ్ళాడు. అనంతం గారు దీపం ఆర్పారు. బెంచీలు అడ్డం పెట్టబోయి, అలవాటుకి నవ్వుకుని, మళ్ళీ గోడకి జరిపారు. బీరువాలోంచి మడతపెట్టిన ఆకుపచ్చ చీర తీసి చంకలో పెట్టుకున్నారు. ఇంతకాలం ఎండకీ వానకీ నిలబడింది, ఇంక ఇంటికి రావచ్చు.

మెట్ల దగ్గర మేక నిలబడి ఆశగా చూస్తోంది.

"ఇంక గడ్డి తినవే," అన్నారు ఆయన దానితో.

రెండు రెక్కలూ దగ్గరికి లాగి, చప్పుడు కాకుండా తలుపు మూశారు.